కొన్నవి రెండూ ఆడ చేపలే, మరి ఈ పిల్లలు ఎక్కడివి?

పేరు రాయవద్దని కోరిన ఒక పాఠకురాలి ఉత్తరం ఇది. చాలా వివరంగా రాశారు. ముఖ్యమైన సంగతులు కుదించి ఇస్తున్నాను.

ఆవిడ ఇంట్లో రెండడుగుల అక్వేరియం ఉంది, సుమారు 60 లీటర్ల నీళ్లు పడతాయి. అందులో 6 నియాన్ టెట్రాలు, ట్యాంకు అడుగున తిరిగే చిన్న మీసాల చేపలు 4 కోరీడోరాస్‌లు, ఒక డ్వార్ఫ్ గౌరామి, అద్దానికి అతుక్కుని పాచి గీకే బ్రిసిల్‌నోస్ ఒకటి, నారింజ రంగు ప్లాటీలు రెండు ఉన్నాయి. పిల్లల బెడద వద్దనుకుని, ప్లాటీలు రెండూ ఆడవే కావాలని అడిగి మరీ తెచ్చుకున్నారు. తెచ్చి రెండు నెలలైంది. ఓ రోజు పొద్దున్నే లైటు వేయగానే తొమ్మిదేళ్ల పాప "అమ్మా, బుల్లి చేపలు!" అని అరిచింది. చూస్తే 7 పిల్లలు, ఒక్కోటి సెంటీమీటరుకు కాస్త అటూ ఇటూ. ఆరు పిల్లలు నీటి పైభాగంలో, ఫిల్టర్ వెనక, తేలే మొక్కల వేళ్ల మధ్య నక్కి ఉన్నాయి. ఒకటి మాత్రం అడుగున, దుంగ కింద ఇసుక మీదే ఉంటోంది. చటుక్కున కాస్త దూరం జరిగి, మళ్లీ ఆగిపోతోందట. మూడో రోజుకి పైనున్న వాటిలో 4 మిగిలాయి.

"పాప రోజూ బడికి వెళ్లేముందు లెక్కపెడుతోంది. లెక్క తగ్గితే ఏడుస్తోంది. 'వాళ్లమ్మే తినేసిందా?' అని అడిగితే ఏం చెప్పాలో నాకు తోచలేదు. మావారేమో ట్యాంకులో చేపలు ఇప్పటికే ఎక్కువయ్యాయి, ఈ పిల్లల్ని పట్టి చెరువులో వదిలేద్దాం, అక్కడ హాయిగా బతుకుతాయి అంటున్నారు. ఆ మాట వినగానే పాప గదిలోకి వెళ్లి తలుపేసుకుంటోంది. రెండో ప్లాటీ పొట్ట కూడా లావుగా కనిపిస్తోంది. దాన్ని వేద్దామని ట్యాంకులో తగిలించే వలపెట్టె ఒకటి కొన్నాను, ఇంకా వాడలేదు. రెండు వారాల క్రితం కొత్త మొక్కలు తెచ్చి వేశాం, వాటితో ఏమైనా వచ్చాయా? నెల కిందట ఒకసారి సగం నీళ్లు మార్చాం, అప్పుడేమైనా జరిగిందా? అసలు మగ చేపే లేకుండా పిల్లలెలా వస్తాయి? ఇంట్లో ఇద్దరి మధ్యా నలుగుతున్నాను. నాకు రోజంతా ఇదే టెన్షన్."

ఇదీ ఉత్తరం. ఇక నా సమాధానం.

మీ ఉత్తరంలో నాకు బాగా అక్కరకొచ్చింది ఆ అడుగున ఉన్న ఒక్క పిల్ల గురించి మీరు రాసిన ముక్క. పిల్లచేప ఏ జాతిదో తేల్చుకోవాలంటే రంగును నమ్ముకోకూడదు. పుట్టిన కొత్తలో చాలా రకాల పిల్లలకు రంగే ఉండదు, బూడిద గీతకు రెండు కళ్లు పెట్టినట్టు ఉంటాయి. అవి నీటిలో ఎక్కడ ఉంటున్నాయి, ఎలా కదులుతున్నాయి, మొదటిసారి కనబడినప్పుడు ఎంత సైజులో ఉన్నాయి అన్నవే మనకు ఆధారాలు. మీరు ఆ మూడూ రాశారు. వాటిని బట్టి చూస్తే పైన ఉన్నవి ప్లాటీ పిల్లలు, అడుగున ఉన్నది కోరీడోరాస్ పిల్ల. రెండు రకాల చేపలు ఒకదానితో ఒకటి సంబంధం లేకుండా మీ ట్యాంకులో పిల్లల్ని పెట్టాయి.

ఎలా చెప్పగలుగుతున్నానో వివరిస్తాను. రకరకాల చేపలు కలిసి ఉండే ట్యాంకులో ఉన్నట్టుండి పిల్లలు కనబడి, అవి అప్పటికే చురుగ్గా ఈదుతుంటే మొదట అనుమానించాల్సినవి నాలుగు: గప్పీ, మోలీ, ప్లాటీ, స్వోర్డ్‌టెయిల్. వీటి గుడ్లు తల్లి కడుపులోనే పొదుగుతాయి. దాదాపు నాలుగు వారాలకు పిల్లలే బయటికి వస్తాయి. 6 నుంచి 8 మిల్లీమీటర్ల పొడవుతో పుట్టి, పుట్టిన క్షణం నుంచే ఈదుతాయి, తింటాయి, దాక్కుంటాయి. నీటి పైభాగానికి చేరి మొక్కల్లో దూరడం వాటి అలవాటు. ఈ నాలుగింటిలో మీ దగ్గర ఉన్నవి ప్లాటీలు మాత్రమే.

మిగతా చేపలను కూడా ఒకసారి చూద్దాం. నియాన్ టెట్రాలు గుడ్లు పెట్టినా, అవి పొదగాలంటే నీళ్లు చాలా మెత్తగా (అంటే ఖనిజాలు తక్కువగా), కాస్త ఆమ్లగుణంతో ఉండాలి, వెలుతురు బాగా తక్కువగా ఉండాలి. ఒకవేళ పొదిగినా ఆ పిల్లలు కంటికి ఆననంత సన్నగా ఉంటాయి. ఇన్ని చేపల మధ్య అవి సెంటీమీటరు దాకా పెరగడం దాదాపు జరగని పని. గౌరామి ఒక్కటే ఉంది, బ్రిసిల్‌నోస్ కూడా ఒక్కటే. వాటికి జోడీ లేదు కాబట్టి అవి కావు.

ఇక మీ అసలు సందేహం, మగ చేప లేకుండా పిల్లలెలా అని. ఈ జాతి ఆడ చేపలు ఒకసారి మగ చేపతో కలిస్తే ఆ వీర్యాన్ని నెలల తరబడి శరీరంలో దాచుకోగలవు. దానితోనే ఒకటి తర్వాత ఒకటిగా చాలా కాన్పులు కంటాయి. అమ్మేచోట ఆడ, మగ సాధారణంగా ఒకే తొట్టిలో ఉంటాయి. కాబట్టి ఎదిగిన ఆడ ప్లాటీని కొన్నామంటే అది అప్పటికే కడుపుతో ఉందనే అనుకోవాలి. మీకు అమ్మినవారు మోసం చేశారని బాధపడకండి, వాళ్లు అడిగినవే ఇచ్చి ఉండవచ్చు. ఇంకో మాట. మీ ప్లాటీలు వచ్చి రెండు నెలలైందన్నారు. నాలుగు వారాలకో కాన్పు అనుకుంటే ఇది మొదటిది కాకపోవచ్చు. ముందటి కాన్పు ఏ రాత్రో జరిగి, తెల్లారేసరికి అన్నీ ఆహారమైపోయి మీకు తెలియకుండానే గడిచిపోయి ఉంటుంది. ఈసారి తేలే మొక్కలు ఉన్నాయి, వాటికి దాక్కునే చోటు దొరికింది. అందుకే ఇప్పుడు మీకు కనిపించాయి. కొత్త మొక్కలు పిల్లల్ని తేలేదు కానీ పిల్లల్ని కాపాడాయి.

అయినా మీ ప్లాటీలు రెండూ నిజంగా ఆడవేనా అన్నది ఒకసారి మీరే చూసుకోండి. చేప అద్దానికి అడ్డంగా ఈదుతున్నప్పుడు పొట్ట కింద, తోకకు ముందు ఉండే రెక్క చూడాలి. ఆడదానికి అది విసనకర్రలా విచ్చుకుని ఉంటుంది. మగదానికి సన్నటి పుల్లలా, వెనక్కి వాలి ఉంటుంది. కొన్ని మగ ప్లాటీలు ఆలస్యంగా ఎదుగుతాయి. కొన్న రోజున ఆడదానిలా ఉన్నది తర్వాత మగదిగా తేలడం అక్వేరియం పెంచేవాళ్లకు కొత్తేమీ కాదు. మీ ఇంట్లో అలాంటిది ఒకటి ఉంటే కింద నేను చెప్పబోయే లెక్కలన్నీ మారిపోతాయి.

అడుగున ఉన్న పిల్ల సంగతి నాకు ఇంకా ఆసక్తిగా ఉంది. కోరీడోరాస్‌లు అద్దం మీద, ఆకుల మీద బంకగా అంటుకునే చిన్న గుడ్లు పెడతాయి. మూడు నుంచి అయిదు రోజుల్లో అవి పొదుగుతాయి. ఆ పిల్లలు పైకి రావు, ఇసుక మీదే పాకినట్టు తిరుగుతూ మధ్యమధ్యలో ఆగుతాయి. మీరు వర్ణించిన కదలిక అచ్చం అదే. పైగా ట్యాంకు నీళ్లకంటే కాస్త చల్లటి నీళ్లు ఎక్కువగా పోస్తే, వానాకాలం వచ్చిందన్నట్టుగా కోరీడోరాస్‌లు గుడ్లకు సిద్ధమవుతాయి. వాటిని పెంచేవాళ్లు కావాలనే ఆ పని చేస్తారు. మీరు నెల కిందట సగం నీళ్లు మార్చామన్నారు కదా, ఆ తర్వాత పెట్టిన గుడ్లలో చాలావరకు మిగతా చేపలు తినేసి, ఏ ఒక్కటో తప్పించుకుంటే ఇప్పటికి మీరు చెప్పిన సైజుకే వస్తుంది. కొత్త మొక్క ఆకుకు అంటుకుని గుడ్డు రావడం కూడా అసాధ్యమేమీ కాదు. కానీ ఇంట్లోనే నాలుగు కోరీడోరాస్‌లు ఉండగా నేను అంత దూరం వెతకను.

నా మాట మీదే ఉండిపోకండి, మీరే రూఢి చేసుకోవచ్చు. రాత్రి గదిలో లైటు ఆర్పి, కాసేపయ్యాక టార్చిని అద్దానికి పక్కనుంచి ఏటవాలుగా వేసి చూడండి. పైనున్న పిల్లలు ప్లాటీలైతే కళ్లు పెద్దవిగా, పొట్ట గుండ్రంగా, ఒళ్లు పొట్టిగా బొద్దుగా ఉంటుంది. తోక మొదట్లో లేత నారింజ ఛాయ కనబడవచ్చు. కనబడకపోయినా కంగారేమీ లేదు. మార్కెట్లో దొరికే ప్లాటీలు చాలావరకు స్వోర్డ్‌టెయిల్‌తో సంకరం చేసినవి, పిల్లలు తల్లి రంగులోనే రావాలని లేదు. అడుగున ఉన్నదానికి తల వెడల్పుగా, వెనకభాగం సన్నగా, ఒంటి మీద ముదురు మచ్చలు ఉండాలి. ఓపిగ్గా చూస్తే మూతి దగ్గర వెంట్రుకల్లాంటి మీసాలు కనిపిస్తాయి. మీసాలు కనబడితే ఇక అనుమానం అక్కర్లేదు. దగ్గరగా చూడాలనిపిస్తే వలతో పట్టవద్దు, లేత రెక్కలు చిరుగుతాయి. పారదర్శకమైన గాజు గ్లాసును నీటిలో ముంచి, పిల్ల దానంతటది నీళ్లతో పాటు లోపలికి జారేలా చేయండి. పక్కనుంచి ఫోటో తీసుకుని వెంటనే వదిలేయండి.

ఇది చదివే ఇతరుల కోసం కూడా రెండు మాటలు. మీ ట్యాంకులో గప్పీలు ఉంటే వాటి పిల్లలు ప్లాటీ పిల్లలకంటే సన్నగా, పారదర్శకంగా ఉంటాయి. మోలీ పిల్లలు పుట్టుకతోనే కాస్త పెద్దవి. నల్ల మోలీ పిల్లలైతే మొదటి రోజు నుంచే ముదురు రంగులో ఉంటాయి. రెండు పెద్ద చేపలు మిగతావాటిని ఓ మూలకు తరిమి, గుంపుగా ఉన్న పిల్లల్ని కాపలా కాస్తుంటే అవి కన్విక్ట్, క్రిబెన్సిస్ లాంటి సిక్లిడ్‌లు. నీటి మీద నురగ గూడు, దాని కింద కదలకుండా ఒక మగ చేప ఉంటే గౌరామిదో బెట్టా అనే ఫైటర్ చేపదో సంసారం. గుహలో నుంచి తండ్రి బ్రిసిల్‌నోస్ బయటికి రాకుండా రెక్కలతో విసురుతోందంటే లోపల నారింజ రంగు గుడ్లున్నట్టే.

ఇప్పుడు మీ పాప ప్రశ్న. తల్లే తినేసిందా? తిని ఉండవచ్చు. గౌరామి తిని ఉండవచ్చు, నియాన్‌లు కూడా తింటాయి, నోట్లో పట్టే ఏ కదిలే వస్తువునూ ఇవి వదలవు. ప్లాటీకి తన పిల్లలన్న గుర్తింపు ఉండదు. కని వదిలేయడమే దాని బాధ్యత. అందుకే ఒక్కో కాన్పులో 20 నుంచి 40 దాకా, ఒక్కోసారి అంతకంటే ఎక్కువ కంటుంది. పాపకు ఈ నిజమే చెప్పండి. "ఎక్కడో దాక్కున్నాయిలే" అంటే రేపు పొద్దున మళ్లీ వెతుకుతుంది, దొరక్కపోతే రెండోసారి ఏడుస్తుంది. తొమ్మిదేళ్ల పిల్లలు ఈ సంగతి తట్టుకోగలరు. వాళ్లకు చెప్పకుండా దాచారని తర్వాత తెలియడమే వాళ్లకు కష్టం. సిక్లిడ్‌లు, మగ గౌరామి పిల్లల్ని ఎలా కాపాడతాయో, ప్లాటీ ఎందుకు కాపాడదో పక్కపక్కన పెట్టి చెబితే పాపకు తల్లి ప్లాటీ మీద కోపం కూడా రాదు.

అయితే కనబడని రెండూ ఆహారమయ్యాయనే అనుకోకండి. ముందు ఫిల్టర్ విప్పి చూడండి. పిల్లలు నీళ్లు లాగే గొట్టంలోంచి లోపలికి వెళ్లి, స్పాంజి మధ్య బతికే ఉండటం చాలామంది చూసిన విషయమే. అక్కడ తిండి ఉంటుంది, తినే చేపలుండవు. స్పాంజిని కుళాయి కింద పెట్టకుండా, ట్యాంకు నీళ్లు నింపిన బకెట్లో మెల్లగా పిండి చూడండి. ఆ తర్వాత గొట్టం మూతికి సన్నరంధ్రాల స్పాంజి ముక్క తొడగండి. రెండో సంగతి, కొత్త మొక్కలను ఒకసారి కుదిపి చూడండి. మొక్కలతో తూనీగ పిల్లపురుగులు రావడం మామూలే. కాళ్లతో కాడల మీద పాకుతుంటుంది, సన్నరకం తూనీగదైతే తోక చివర మూడు ఆకుల్లాంటి రేకులు ఉంటాయి. అది పిల్లచేపలను వేటాడుతుంది. కనబడితే తీసేయండి.

ఏం చేయాలన్నదానికి మీ ముందు మూడు దారులున్నాయి. దేని మంచిచెడ్డలు దానికున్నాయి.

మొదటిది, ఏమీ చేయకుండా వదిలేయడం. నిర్దయగా అనిపిస్తుంది కానీ మీ ట్యాంకు సైజుకు ఇదే అన్నిటికంటే సరిపోయే పద్ధతి. జావా మాస్, హార్న్‌వర్ట్ లాంటి గుబురు మొక్కలు ఒక మూలన దట్టంగా ఉంచితే ఒక్కో కాన్పులో ఒకటో రెండో గట్టి పిల్లలు బతికి బయటపడతాయి, ఒక్కోసారి ఏదీ బతకదు. నీళ్లు పాడవవు, మీకు అదనపు పని ఉండదు. కానీ పొద్దున్నే లెక్కపెట్టే పాపకు ఇది కష్టం. ఈ దారి పట్టేట్టయితే ముందే పాపకు చెప్పి, లెక్కపెట్టడం మాన్పించండి.

రెండోది, మీరు కొన్న వలపెట్టె. దానిలో తల్లిని వేయకండి, ఈ మాట గట్టిగా చెబుతున్నాను. నిండు గర్భంతో ఉన్న ప్లాటీని అంత ఇరుకులో పెడితే బెదిరిపోతుంది, నెలలు నిండకుండా పిల్లల్ని వదిలేయవచ్చు, తనే నీరసించిపోవచ్చు. పెట్టెలో వేయాల్సింది పిల్లల్ని. పైనున్న నాలుగింటినీ గ్లాసుతో పట్టి అందులో వేసి, ఫిల్టర్ నీళ్లు నేరుగా కొట్టకుండా, అలాగని నీళ్లు నిలవ ఉండకుండా ఓ పక్కన తగిలించండి. లోపల చిన్న మొక్క కొమ్మ వేయండి. మిగిలిన తిండిని రోజూ తీసేయాలి, లేకపోతే పెట్టె అడుగునే కుళ్లి పిల్లలకు జబ్బు చేస్తుంది. గౌరామి నోటికి పట్టని సైజు, అంటే ఒకటిన్నర సెంటీమీటర్లు దాటాక వదిలేయవచ్చు. దానికి నెల, నెలన్నర పడుతుంది. నాలుగు పిల్లలకు ఈ పద్ధతి చక్కగా సరిపోతుంది. నలభై పిల్లలకు సరిపోదు.

మూడోది, వేరే చిన్న ట్యాంకు. 20 లీటర్లది, స్పాంజి ఫిల్టర్‌తో. పిల్లలు వేగంగా పెరుగుతాయి, మీకూ బాగా కనిపిస్తాయి. కానీ కొత్త ట్యాంకులో వ్యర్థాలను శుద్ధి చేసే బ్యాక్టీరియా ఉండదు. మొదటి వారాల్లో అమ్మోనియా పేరుకుని, కాపాడదామనుకున్న పిల్లలే ముందు పోతాయి. స్పాంజి ఫిల్టర్‌ను కొన్ని వారాల పాటు పాత ట్యాంకులోనే నడిపి ఆ తర్వాత కొత్తదానికి మార్చగలిగితేనే ఈ దారి తీసుకోండి. ఇంకో చిక్కుంది. వేరే ట్యాంకు పెట్టారంటే దాదాపు అన్నీ బతుకుతాయి. బతికినవన్నీ నాలుగు నెలలకు మీవారి ముందు ఈత కొడుతుంటాయి.

మీ స్థానంలో నేనుంటే ఈ ఒక్క కాన్పుకు వలపెట్టె వాడతాను, ఎందుకంటే పాప ఈ నాలుగింటికీ ఇప్పటికే పేర్లు పెట్టేసి ఉంటుంది. వచ్చే కాన్పు నుంచి మొక్కల మీద వదిలేస్తాను. కోరీడోరాస్ పిల్లను మాత్రం అసలు కదపను. అది ఎవరి సాయం లేకుండా ఇంత దూరం వచ్చింది, దుంగ కింద దానికి చోటు కుదిరింది. రాత్రి లైటు ఆర్పే ముందు మునిగే రకం మేత చిటికెడు నలిపి ఆ దుంగ పక్కన పడేలా వేస్తే చాలు.

మేత విషయంలో ఎక్కువ పెట్టడమే అందరూ చేసే పొరపాటు. పెద్ద చేపలకు వేసే ఫ్లేక్స్‌నే రెండు వేళ్ల మధ్య పిండిలా నలిపి, వేలి కొనకు అంటుకున్నంతే వేయండి, రోజుకు మూడు నాలుగు సార్లు. దొరికితే అప్పుడే పొదిగిన ఆర్టీమియా (ఉప్పునీటిలో పెరిగే రొయ్యల్లాంటి బుల్లి జీవులు) అన్నిటికంటే మంచిది. తిన్న కొద్ది నిమిషాలకే పారదర్శకమైన పొట్టలోంచి నారింజ రంగు బయటికి కనిపిస్తుంది. ఎవరు తిన్నారో, ఎవరికి అందలేదో పాప టార్చి వేసి చెప్పేయగలదు. ఉడికించిన గుడ్డు పచ్చసొన కొందరు సలహా ఇస్తారు. మీ 60 లీటర్లలో అది నీళ్లను తొందరగా పాడు చేస్తుంది, వద్దు. ప్లాటీలకు మంచిదని ఎవరైనా ఉప్పు వేయమన్నా వేయకండి, అదే నీళ్లలో ఉన్న కోరీడోరాస్‌లకు, నియాన్‌లకు అది పడదు. మేత పెరిగింది కాబట్టి ఈ నెలంతా వారానికి పావు వంతు నీళ్లు తప్పకుండా మార్చండి. ట్యాంకు నీళ్లంత వెచ్చదనం ఉన్నవే, క్లోరిన్ తీసినవే పోయండి. నీటిని పరీక్షించే టెస్ట్ కిట్ ఉంటే, చేపలకు విషమైన అమ్మోనియా, నైట్రైట్ రెండూ సున్నా చూపించాలి. ఏది పైకి వెళ్లినా మొదట మేత తగ్గించండి.

మీవారి మాటకు వద్దాం. ట్యాంకు నిండిపోయిందన్నది ఆయన సరిగ్గానే గమనించారు. రెండు ఆడ ప్లాటీలు, నెలకో కాన్పు, కాన్పుకు 20 చొప్పున వేసుకున్నా నెలకు 40 పిల్లలు. ఎదిగిన ప్లాటీ అయిదారు సెంటీమీటర్లుంటుంది. అన్నీ బతికితే మీ ట్యాంకు రెండు నెలలు కూడా మోయలేదు. పాపను ఓదార్చే తొందరలో ఈ లెక్కను పక్కన పెట్టకండి, ఆయన మాటలో ఉన్న న్యాయం ఇదే.

కానీ చెరువు సంగతిలో ఆయన పొరబడుతున్నారు. ప్లాటీల పుట్టిల్లు మెక్సికో, మధ్య అమెరికా వాగులు. తెలియని చెరువులో వదిలితే చాలావరకు పెద్ద చేపలకో పక్షులకో మేతవుతాయి, అది హాయిగా బతకడం కాదు. బతికి బట్టకడితే ఇంకా పెద్ద చిక్కు. ప్లాటీ కుటుంబానికే చెందిన గాంబూసియా అనే చిన్న చేపను దోమలు తింటుందని ప్రపంచమంతా వదిలారు. అది దోమలతో ఆగక అక్కడి చిన్న చేపల గుడ్లు, పిల్లలు, కప్పపిల్లలు కూడా తింటూ పాతుకుపోయింది. అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సమాఖ్య నిపుణులు తయారు చేసిన ప్రపంచంలోని 100 అత్యంత హానికర ఆక్రమణ జాతుల (బయటినుంచి వచ్చి పాతుకుపోయి స్థానిక జీవులను దెబ్బతీసేవి) జాబితాలో దాని పేరుంది. గప్పీలు కూడా ఇలాగే తమది కాని ఎన్నో దేశాల నీళ్లలో స్థిరపడ్డాయి. కడుపుతో ఉన్న ఆడది ఒక్కటి చాలు, మగ తోడు లేకుండానే ఒక మంద మొదలవుతుందని మీ ఇంట్లోనే చూశారు కదా. చేపలతో పాటు వాటి రోగాలూ వెళ్తాయి. చాలా దేశాల్లో ఇలా వదలడం చట్టరీత్యా నేరం కూడా. ఈ సంగతులు ఆయనతో ప్రశాంతంగా చెప్పండి. అక్వేరియం మొక్కల ముక్కలూ, నత్తలూ కాలవలో పడేయకూడదని కూడా పనిలో పనిగా చెప్పండి.

అసలు తేల్చుకోవాల్సింది ఈ నాలుగు పిల్లల గురించి కాదు, వచ్చే నెల గురించి. ప్లాటీలు రెండిటినీ పెద్ద ట్యాంకు ఉన్నవారెవరికైనా ఇచ్చేసి, బదులుగా రెండు మూడు మగ ప్లాటీలు తెచ్చుకోవచ్చు. ఈ పిల్లల్లో ఆడవాటిని కూడా ఇచ్చేస్తే పిల్లల సమస్య అక్కడితో తీరుతుంది. రంగు తగ్గదు, మగవాటి మధ్య కాస్త తరుములాట ఉంటుంది, మొక్కలుంటే సర్దుకుంటాయి. కానీ పాప తల్లి ప్లాటీని కూడా ఇష్టపడుతుంటే ఇది రెండో గొడవకు దారితీస్తుంది, ముందు అడగండి. ఆడవాటినే ఉంచుకుంటే దాచుకున్న వీర్యం అయిపోయేదాకా, అంటే ఇంకొన్ని నెలలు, కాన్పులు వస్తూనే ఉంటాయి, తర్వాత ఆగిపోతాయి. అయితే దీనికో షరతుంది. ఈ పిల్లల్లో మగవి ఎదిగి తల్లితోనో అక్కచెల్లెళ్లతోనో కలిస్తే లెక్క మళ్లీ మొదటికొస్తుంది. అందుకే పిల్లలకు రెండు నెలలు నిండినప్పటి నుంచి వారం వారం ఆ పొట్ట కింది రెక్క చూస్తుండాలి. పుల్లలా సన్నబడటం మొదలైన వెంటనే దాన్ని వేరు చేయాలి. ఆ పిల్లను ఎవరికివ్వాలో ఇప్పుడే ఒకరిద్దరిని అడిగి పెట్టుకోండి. అక్వేరియం సామాన్లు అమ్మేవారు కూడా పెరిగిన పిల్లల్ని చాలాసార్లు తీసుకుంటారు, డబ్బులివ్వకపోవచ్చు.

ఈ వారం మీరు చేయాల్సింది కొంచెమే. ఫిల్టర్ లోపల చూసి, గొట్టానికి స్పాంజి తొడగండి. ప్లాటీల రెక్కలు చూడండి. ఆ లావు పొట్ట ప్లాటీని పక్కనుంచి రోజూ గమనించండి. పొట్ట వెనకభాగం గుండ్రం పోయి మూల తిరిగినట్టు చదరంగా కనబడితే కాన్పు దగ్గరపడ్డట్టే. చాలాసార్లు రాత్రివేళో తెల్లవారుజామునో కంటాయి. అప్పటికి పిల్లల్ని కాపాడాలా వద్దా, ఎన్నింటిని కాపాడాలి అన్నది మీ ముగ్గురూ కూర్చుని ముందే అనుకుని ఉండండి. ప్లాటీ రెక్క ఫోటో, దుంగ కింద పిల్ల ఫోటో స్పష్టంగా వస్తే నాకు పంపండి. మీసాలు కనబడకపోతే మళ్లీ మొదటినుంచి ఆలోచిద్దాం.